రాజీ కల్లు

కులం వెలి వేస్తే కాళ్లావేళ్లా పడేవాళ్లు ఊరూరా ఉంటారు. వెలి తీసేశారని అగ్గి మీద గుగ్గిలమై, నా వెలి నాకు తిరిగివ్వండని బస్సెక్కి భువనగిరి దాకా పోయినవాడు మాత్రం నల్లబండ కురుమ ఐలేశం ఒక్కడే. చూసినవాళ్లు వీడికి పిచ్చి లేచిందన్నారు. పిచ్చీ లేదు గిచ్చీ లేదు, కడుపు మండింది. మండదా మరి?

భువనగిరిలో సంఘం ఆఫీసంటే బజారులో బియ్యం దుకాణం మీద కిరాయికి తీసుకున్న గది. పంచాయతీ ఎన్నికలు ముంచుకొస్తున్న రోజులు. గది నిండా మనుషులు కూర్చొని జెండాలకు కర్రలు కడుతున్నారు. ఐలేశం గొంగడి భుజాన వేసుకొని మెట్లెక్కి వచ్చి గడపలోనే నిలబడ్డాడు.

"రా రా ఐలేశం, గట్ల నిలవడ్డవేంది? ఛాయ్ తాగుతవా?" అన్నాడు కాటమయ్య.

కాటమయ్యది నల్లబండే. కల్లు గీసే గౌండ్ల ఇంట్లో పుట్టాడు. దొరల మీద కొట్లాట నడిచిన కాలంలో జైలుకు పోయి, వీపు చిట్లగొట్టించుకొని వచ్చి, పేదోళ్ల సంఘానికి పెద్ద అయ్యాడు. ఇప్పుడు ఊరి సర్పంచికి నిలబడ్డాడు. ఆయన చెడ్డవాడని ఎవరూ అనరు. చెడ్డవాడే అయితే ఐలేశానికి ఇంత బాధే లేదు, వీడింతేలెమ్మని ఇంట్లోనే ఉండేవాడు.

"ఛాయ్ వద్దన్నా. నువ్వు తాగిన కల్లు సంగతి మాట్లాడనీకె వచ్చిన" అన్నాడు ఐలేశం.

జెండాలు కడుతున్న చేతులు ఆగిపోయాయి. కాటమయ్య పక్కన కూర్చున్న మంజులత తల దించుకుంది. ఆమె భువనగిరి బడిలో పంతులమ్మ, పాలమూరు పిల్ల. సంఘం సభల్లో కాటమయ్య తర్వాత మాట ఆమెదే.

ఆ కల్లు కథ చెప్పాలంటే ముందు పర్వతాలు గురించి చెప్పాలి. పర్వతాలుది పాలమూరు అవతలి పల్లె. ఒక ఎండాకాలం వలస మందతో వచ్చి, నల్లబండ పొలిమేరలో జ్వరంతో పడిపోయాడు. వెంట వచ్చినవాళ్లు వాడి గొర్రెలను వాడి దగ్గరే వదిలి ముందుకు పోయారు. ఐలేశం ఇంటికి తెచ్చి జొన్న గటక తాపి బతికించాడు. లేచి నడిచాక పర్వతాలు పోలేదు, ఐలేశం పొమ్మనలేదు. రెండు మందలు ఒక్కటయ్యాయి. దొడ్డి పక్కన గుడిసెలో ఇద్దరూ ఏళ్ల తరబడి కలిసి బతికారు. ఐలేశం తల్లి గోపమ్మకు కళ్లున్నాయి, తెలివీ ఉంది. ఏమీ అడగలేదు. "కోడలొస్తదనుకుంటే ఇంకో తిండిపోతొచ్చిండు" అని మాత్రం ఎకసెక్కం ఆడేది, ఆ తిండిపోతుకే ముందు వడ్డించేది.

కులపెద్ద గాలయ్య తన తమ్ముడి బిడ్డ అండాలును ఐలేశానికి ఇస్తానని వచ్చిన రోజున వచ్చింది తంటా. ఇంకొకడైతే మొక్కు ఉందనో, ఒంట్లో బాగా లేదనో తప్పించుకునేవాడు. ఐలేశానికి ఆ విద్య రాదు. పదిమంది మధ్య లేచి, "పెండ్లొద్దు మామా. నా జత నాకున్నడు" అన్నాడు. పర్వతాలు వైపు చూస్తూ అన్నాడు. గాలయ్య మొహం కందగడ్డయింది. ఆ పొద్దే వెలి పడింది. ఆ ఇంటికి నిప్పు లేదు, చేదబావి నీళ్లు లేవు, మంగలి రాడు, చాకలి రాడు, వాళ్ల మందను ఎవరి చేనులోనూ నిలపనివ్వరు.

అప్పుడు వచ్చాడు కాటమయ్య, నేనున్నానంటూ. ఐలేశం వాకిట్లోనే ఆపి ఉన్నదున్నట్టు చెప్పాడు. "అన్నా, మేం దోస్తులం గాదు, అన్నదమ్ములం గాదు. ఆలుమగలు ఎట్లుంటరో గట్లున్నం. గిది తెలిసి కొట్లాడుతనంటే కొట్లాడు. లేకుంటే ఇటునుంచి ఇటే పో." కాటమయ్య ఐలేశం చేయి పట్టుకొని, "తెలిసే కొట్లాడుత" అన్నాడు. ఆ మాటకు ఐలేశం లోపలికి పోయి గోడకు మొహం పెట్టి ఏడ్చాడు.

ఆ ఎండాకాలమంతా ఊరేగింపులే. మంజులత చావడి అరుగెక్కి, "ఇద్దరు మనుషులు ఇష్టపడి కలిసి బతుకుతమంటే వద్దననీకె కులమెవరు?" అని అడిగితే చప్పట్లతో చావడి దద్దరిల్లింది. తాలూకా కచేరీ దాకా జెండాలతో నడిచారు. అందరికన్నా ముందు ఐలేశం, పర్వతాలు. తాసీల్దారు కులం సంగతి మాకెందుకన్నాడు. పక్క ఊళ్ల సంఘం వాళ్లు మెల్లగా మొహం చాటేశారు, ఈ ఇద్దరి కోసం మనం నవ్వులపాలు కావాలా అని గొణిగారు. వానలు రాకముందే ఉద్యమం చప్పబడిపోయింది. గడ్డి కూడా ఎండిపోయింది. ఇద్దరూ మందను తోలుకొని కృష్ణ ఒడ్డుకు పోయారు.

తిరిగి వచ్చేసరికి పొలిమేరలో డప్పులు! సంఘం పిలగాళ్లు పూలదండలు తెచ్చి మెడలో వేశారు. వెలి తీసేశారు, గెలిచాం అని అరిచారు. పర్వతాలు డప్పు దెబ్బకు అక్కడే ఆడడం మొదలుపెట్టాడు. గోపమ్మ మాత్రం దూరంగా నిలబడింది. "ఆడకు కొడుకా. ముందు షరతులిను" అంది.

షరతులు ఇవి. పర్వతాలు ఊరు విడిచి పోవాలి, మళ్లీ రాకూడదు. ఐలేశం వచ్చే దసరా తర్వాత అండాలును చేసుకోవాలి. తప్పితే మంద మొత్తం కులానికి. ఈ రాజీకి వాళ్ల తరఫున ఒప్పుకొని కల్లు తాగిన మనిషి కాటమయ్య.

కురుమ పంచాయతీలో సంతకాలుండవు, రాజీ కల్లు ఉంటుంది. కల్లు కుండ, అదే లొట్టి, మధ్యన పెడతారు. రెండు పక్షాల తరఫున ఒక్కొక్కరు దొప్పలా మడిచిన తాటి రేక పట్టి తాగుతారు. తాగితే ఒప్పుకున్నట్టే, ఇక దానికి తిరుగు లేదు. రాజీ చెడాలంటే ఒకటే దారి. తాగినవాడే మళ్లీ పదిమందిలో నిలబడి, ఎవరి తరఫున తాగానో వాళ్లను అడగకుండా తాగానని చెప్పి, లొట్టి నేల మీద ఒలకబోయాలి. ఇంకెవరు చెప్పినా చెల్లదు.

పర్వతాలు మర్నాడే పోయాడు. ఐలేశం కాళ్లకు అడ్డం పడితే, "మంద పోతే అమ్మ ఏం తింటది? వదులు" అన్నాడు. మేళ్లచెరువులో సున్నపురాయి కొట్టే పని దొరికిందని తర్వాత కబురొచ్చింది. కొండల్లో గాలి పీల్చి బతికినవాడు సున్నం పీలుస్తున్నాడు. ఆ కబురు విన్నరోజు ఐలేశానికి ముద్ద దిగలేదు. దసరా దగ్గరపడుతోంది.

అదీ ఆ కల్లు కథ.

"నువ్వు ఊరికొచ్చి నలుగుట్ల నిలవడి చెప్పాలె అన్నా. మమ్ముల అడగకుండ తాగిన అని ఒక్క మాట. పర్వతాలు ఇంటికొస్తడు" అన్నాడు ఐలేశం.

"పిచ్చోనివా? గట్ల చెప్తే వెలి మల్ల పడదా? ఎంత కష్టపడి తీయిస్తిమి!"

"పడనీ. నా వెలి నాకియ్యుండ్రి. వెలిల మేమిద్దరం బతికినం. దొడ్డెనుక చెలిమె తవ్వుకున్నం, ఒకని జుట్టు ఒకడు కత్తిరించుకున్నం. మీ రాజీలనే చస్తున్నం."

కాటమయ్య గొంతు తగ్గించాడు. "జర ఇను ఐలేశం. ఉద్యమమన్నంక ఒక అడుగు ముందుకు, ఒక అడుగు ఎన్కకు. ముందుగాల కుర్చీ చేతికి రానీ. ఆ తర్వాత పర్వతాలును నేనే తీస్కొస్త. ఫికర్ చెయ్యకు."

"ఎన్కకేసిన అడుగు నీది గాదన్నా, నాది. నా కాలు పట్టి నువ్వేసినవు." ఐలేశం గడప దాటి లోపలికి వచ్చాడు. "ఓడిపోయినమని చెప్పుండ్రి, నాకేం రంది లేదు. కొట్లాడినం, ఓడినం, అయిపాయె. మమ్ముల అప్పజెప్పొచ్చి గెలిచినమని డప్పు కొడుతుండ్రు సూడు, గదే నాకు మండుతాంది. పంతులమ్మా, అరుగు మీద నిలవడి ఏమన్నవు నువ్వు? ఇష్టపడి బతికేటోళ్లను వద్దననీకె కులమెవరన్నవు. మరి మీరెవరు?"

మంజులత ఒడిలోని జెండా పక్కన పెట్టేసింది. కాటమయ్య లేచి, "ఎన్నికలైనంక మాట్లాడుదాం" అన్నాడు. తలుపు చూపించినట్టే.

"నువ్వు రాకుంటే నేనే నీ సభకొస్త" అని ఐలేశం మెట్లు దిగాడు.

సభ నల్లబండ కురుమవాడలోనే పెట్టారు. వాడలో ఓట్లన్నీ గాలయ్య చెప్పుచేతల్లో ఉన్నాయి మరి. పొద్దు ఇంకా వాలలేదు. బల్లలు కలిపి వేదిక కట్టారు. గాలయ్యకు ముందు వరసలో మంచం వేశారు. కాటమయ్య లేచి, ఊరికి రోడ్డు, ఊరికి దవాఖాన అని మొదలుపెట్టి చివరకు అసలు సంగతికి వచ్చాడు.

"గీ వాడల వెలి పేరు మీద ఒక ఇల్లు ఆగమైతాంటే చూసుకుంట ఊకోలే సంఘం! కొట్లాడి తీయించింది! ఐలేశం ఇయ్యాల తలెత్తుకొని తిరుగుతాండంటే..."

"తిరుగుతలేనన్నా" అని వెనక నుంచి వినబడింది.

ఐలేశం నెత్తిన లొట్టి పెట్టుకొని జనం మధ్య నుంచి వస్తున్నాడు. వెనకే గోపమ్మ, చేతిలో తాటి రేకతో. జనం పక్కకు జరిగి దారి ఇచ్చారు. లొట్టి తెచ్చి వేదిక ముందు, గాలయ్య కాళ్ల దగ్గర దించాడు.

"మామా, నీ తోని నాకు ఇయ్యాల పంచాయతి లేదు. నా పంచాయతి నా తరఫునోళ్ల తోని" అన్నాడు గాలయ్యతో. తర్వాత వేదిక వైపు తిరిగాడు. "దిగు కాటమన్నా. నన్ను అడిగి తాగినవా, అడగక తాగినవా? గీ లొట్టి ముందల చెప్పు."

జనం గుసగుసలాడుతుంటే కాటమయ్య బలవంతాన నవ్వు తెచ్చుకున్నాడు. "ఏం లేదు, పిలగాడు జర బాధల ఉన్నడు. పర్వతాలంటే వానికి పానం. అన్నదమ్ముల లెక్క పెరిగిండ్రు..."

"అన్నదమ్ములం గాము!" ఐలేశం అరుపుకు దొడ్లో గొర్రెలు బెదిరాయి. "నీకు ముందుగాలనే చెప్పిన, కాము అని. తెలిసే కొట్లాడుత అన్నవు. నా చెయ్యి పట్టుకొని అన్నవు. ఊరంతటికీ ఎరికే, నీకెందుకు సిగ్గు? నాకు లేని సిగ్గు నీకెందుకు?"

ఎవరో నవ్వబోయారు. గోపమ్మ రేక ఊపుతూ అటు తిరిగింది. "నవ్వురా, నవ్వు. నీ ఇంట్ల సంగతులు ఒక్కొక్కటి నేను మొదలు వెట్టాల్నా?" అంది. నవ్వు అక్కడికక్కడే ఆగిపోయింది.

"రాజీ కల్లని నాకు తెల్వలే. ఊకె తాపుతుండ్రనుకున్న" అన్నాడు కాటమయ్య.

ఈసారి వాడంతా పగలబడి నవ్వింది. కల్లు గీసే ఇంట పుట్టి, చిన్నప్పటి నుంచి ఈ పంచాయతీలకు కావడి మోసినవాడు కదా! కాటమయ్యకు తల కొట్టేసినట్టయింది.

అప్పుడు లేచింది మంజులత. వేదిక దిగి వచ్చి ఐలేశం పక్కన నేల మీద నిలబడింది. "అడగలే. ఆ పొద్దు నేను గూడ ఆడనే ఉన్న. మంద తోని వాళ్లు తిరిగొచ్చేదాక ఆగుదాం, అడుగుదాం అన్న. అడిగితే ఒప్పుకోరు, అడగొద్దన్నడు కాటమన్న. నేను నోరు మూసుకున్న. నా తప్పు గూడ ఉన్నది. అండాలును గూడ ఎవరం అడగలే."

"పంతులమ్మా, నువ్వు కల్లు తాగలే. నీ మాట చెల్లది" అన్నాడు గాలయ్య. మంచం మీద నుంచి లేచాడు. ముసలాయనకు ఒళ్లంతా వణుకు వచ్చేసింది. ఐలేశం మీద కోపం అనుకున్నారు అందరూ. కాదు. "నాకేం చెప్పినవు కాటమయ్యా? ఇద్దరు ఒప్పుకున్నరు, ఏడ్చుకుంట ఒప్పుకున్నరు అన్నవు. గా మాట నమ్మి నేను రేక పట్టిన. వాళ్ల బతుకు నాకు నచ్చది. నచ్చదని మొహం మీద చెప్పిన, వెలి ఏసిన. నీ లెక్క కడుపుల కత్తులు పెట్టుకొని కౌగిలించుకోలే. చెప్పు! కులం లొట్టి ముందల అబద్ధమాడకు!"

కాటమయ్య వేదిక మీద ఒక్కడే మిగిలాడు. వెనక సంఘం పిలగాళ్లు జెండాలు పట్టుకొని ఆయన వైపే చూస్తున్నారు. వాళ్లలో కొందరు ఆ ఊరేగింపుల్లో కాళ్లు బొబ్బలెక్కేలా నడిచినవాళ్లు. ఆయన మెల్లగా బల్ల దిగి వచ్చాడు. లొట్టి ముందు నిలబడ్డాడు.

"అడగలే" అన్నాడు చివరికి. "వద్దంటరని తెలుసు. అందుకే అడగలే. ఓడిపోయినమని సంఘంల చెప్పనీకె నాకు మొహం లేకుండె. వాడ ఓట్లు గూడ కావాల్నాయె. గా కల్లు వాళ్లది గాదు. నాదే."

లొట్టి ఎత్తి ఒలకబోశాడు. ఎర్రమట్టి తెల్లగా నురగలెత్తి తాగేసింది.

"రాజీ చెడిపాయె" అన్నాడు గాలయ్య. "ఎప్పటి వెలి అప్పట్నే. నిప్పు లేదు, నీళ్లు లేవు. మంద జోలికి కులం పోదు. సంబురమేనారా ఐలేశం?"

"సంబురమే మామా."

నిజంగానే సంబురం. ఒంటి మీద నుంచి ఎవరో పెద్ద బండ దించినట్టయింది. ఐలేశం కాటమయ్య వైపు తిరిగాడు. తిట్టాలని దాచుకున్న మాటలు చాలా ఉన్నాయి, ఒక్కటీ రాలేదు. "అన్నా, నువ్వు దెబ్బలు తిన్న మనిషివి. నిన్ను మరువ. మల్ల ఎప్పుడన్న మా తరఫున కొట్లాడాలె అనిపిస్తే రా. వాకిట్ల నిలవడి ముందు అడుగు" అన్నాడు.

ఆ ఎన్నికల్లో కాటమయ్య ఓడిపోయాడు. వాడ ఒక్క ఓటూ వేయలేదు. ఎన్నికల తర్వాత సంఘం కూర్చొని ఆయన్ను పెద్దరికం నుంచి దించింది. ఆ తీర్మానం పెట్టింది మంజులతే. దాంతోపాటు తననూ దించమని అడిగింది, దించారు. కొత్తవాళ్లు వచ్చి ఐలేశాన్ని కలిసి, ఉద్యమం మళ్లీ మొదలుపెట్టాలా అని అడిగారు. అడిగారు! ఆ ఒక్క మాటకే ఐలేశం వాళ్లకు మజ్జిగ పోశాడు. ఇప్పుడు కాదు, చెప్తాం అన్నాడు.

అదంతా తర్వాతి మాట. సభ మర్నాడే, తెల్లారీ తెల్లారకముందే ఐలేశం మేళ్లచెరువుకు బయలుదేరాడు. రెండు బస్సులు మారి దిగేసరికి ఎండ నెత్తికెక్కింది. రాతి గుంటలో ఒకరి మొహం ఒకరికి తెలియకుండా అందరూ తెల్లగా సున్నం కొట్టుకొని ఉన్నారు. పర్వతాలును మాత్రం వంగిన తీరులోనే గుర్తుపట్టాడు. పిలిచేలోపే పర్వతాలు తలెత్తి చూసి, సుత్తి వదిలేసి గట్టెక్కి వచ్చాడు.

"అమ్మకేమైంది?" అన్నాడు భయంగా.

"అమ్మకేం గాలే. రాజీ చెడిపాయె. కాటమన్న తోని ఒలకబోయించిన!" ఐలేశం జరిగినదంతా ఊపిరి తీసుకోకుండా చెప్పుకొచ్చాడు. లొట్టి, గోపమ్మ రేక, వాడ నవ్వు, గాలయ్య వణుకు. చెప్తూ చెప్తూ తనే నవ్వాడు, తనే కళ్లు తుడుచుకున్నాడు. "మంద మనదే. ఇగ పా."

పర్వతాలు నవ్వలేదు. "మరి వెలి?"

"మల్ల పడ్డది. పడితే పడనీ, నా వెలి నాకియ్యుండ్రి అని నేనే అడిగిన."

"నీ వెలా?" పర్వతాలు మొహం మీద సున్నం చెమటకు చారలు కట్టింది. "వెలి ఇద్దరికి పడుతది గదనే. నన్నడిగినవా?"

భువనగిరి మెట్లెక్కినప్పుడు గానీ, లొట్టి నెత్తినెత్తుకున్నప్పుడు గానీ, ఆ మాట ఐలేశానికి తట్టనే లేదు. ఊరి మధ్యన నిలబడి అంత పెద్ద మనిషిని నిలదీశాడే, ఈ ఒక్కణ్ణి అడగాలని తోచలేదు! సిగ్గుతో తల వంగిపోయింది.

"అడగలే" అన్నాడు. కాటమయ్య అన్నట్టే అన్నాడు. తర్వాత తల ఎత్తాడు. "ఇప్పుడు అడుగుతున్న. వెలిలకు, నీళ్లు లేని ఇంటికి, నా తోని వస్తవా? రానంటే నేనే ఈడ ఉంట. సుత్తి పడుత. నువ్వే చెప్పు."

పర్వతాలు తిరిగి గుంటలోకి దిగి మేస్త్రీతో ఏదో మాట్లాడాడు. నీళ్ల తొట్టి దగ్గర మొహం, చేతులు, మెడ తీరిగ్గా కడుక్కున్నాడు. రేకుల పాకలోకి పోయి చాప చుట్టాడు. ఐలేశం ఎండలో నిలబడే ఉన్నాడు. పిలవలేదు, తొందరపెట్టలేదు, చెమట కూడా తుడుచుకోలేదు. పర్వతాలు చాప చంకన పెట్టుకొని వచ్చి ఎదురుగా నిలబడి, చాలా రోజుల తర్వాత నవ్వాడు.

"వస్త" అన్నాడు. "అడిగినవు గద, వస్త."